గుమ్మడి ప్రధాన తీగ ఉన్నట్టుండి చదునుగా మారితే మొక్కను పీకేయాలా?

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు భారీ కాయలు కాసే అట్లాంటిక్ జెయింట్ రకం గుమ్మడి వేశారు. ప్రధాన తీగ దాదాపు మూడు మీటర్ల దాకా గుండ్రంగా, చక్కగా పాకింది. ఆ తర్వాత వారం తిరిగేసరికి కొస వైపు తీగ మూడు వేళ్ల వెడల్పున పట్టీలా చదునైపోయింది. కణుపులు దగ్గరదగ్గరగా పడుతున్నాయి. ఒక్కో కణుపు దగ్గర రెండు మూడు ఆకులు, గుత్తులుగా ఆడమొగ్గలు వస్తున్నాయి. ఇది తెగులా, పక్కనున్న రెండో మొక్కకు అంటుకుంటుందా, ఆ గుత్తిలో ఒక పిందెను నిలపవచ్చా, లేక మొక్కనే పీకేయాలా అని అడిగారు. విత్తనం దాచుకోవచ్చా అని చివర్లో ఇంకొక మాట కూడా అన్నారు.

సూటిగా చెబుతాను. పీకకండి. ఇది తెగులు కాదు, పక్క మొక్కకు అంటుకోదు. కానీ ఆ చదునైన భాగం మీద మాత్రం కాయను నిలపకండి. ఈరోజే కత్తి పట్టుకోవలసిన తొందర కూడా లేదు. చదును మొదలైన చోటికి వెనకాల ఉన్న పక్క తీగల్లో బలమైనదాన్ని ఒకటి ఎంచుకుని, అవసరమైతే అదే ప్రధాన తీగ అయ్యేలా ఇప్పటి నుంచే సిద్ధం చేసుకోండి. వారం పది రోజులు కొసను గమనించండి. తిరిగి గుండ్రంగా మారితే సంతోషం. మారకపోతే అప్పుడు కోయండి.

అసలు జరుగుతున్నది ఏమిటంటే, తీగ కొసలో ఇంకా విచ్చుకోని లేత ఆకుల నడుమ, పెరుగుదల అంతటికీ మూలమైన కణజాలం కంటికి ఆననంత చిన్న ముద్దగా ఉంటుంది. మామూలుగా అది ఒక బిందువు. ఏ కారణం చేతనైనా ఆ బిందువు పక్కకు సాగి గీతగా మారిందంటే, దాని నుంచి పుట్టే తీగ గుండ్రటి గొట్టంగా కాకుండా వెడల్పుగా వస్తుంది. ఆకులూ మొగ్గలూ నులితీగలూ పుట్టే చోటు పెరిగింది కాబట్టి అవీ ఎక్కువగా పుడతాయి. వృక్షశాస్త్రంలో దీన్ని ఫ్యాసియేషన్ అంటారు. పెద్ద గుమ్మడికాయలు పండించేవారు ఫ్లాట్ వైన్ అంటారు. నేను పట్టీ తీగ అంటాను.

ఇది గుమ్మడికి మాత్రమే వచ్చిన వింత కాదు. కోడిజుట్టు పువ్వుకు ఆ ఆకారం వచ్చింది ఇలాగే. ఆ లక్షణమున్న మొక్కలను మనుషులు తరతరాలుగా ఏరి నిలబెట్టుకున్నారు. గింజల గదులు ఎక్కువగా ఉండే పెద్ద టమాటా రకాల వెనకా ఇదే కథ ఉంది. కొస కణజాలం అతిగా పెరగకుండా అదుపులో ఉంచే క్లావాటా-3 అనే జన్యువు పని తగ్గడం వల్ల పూమొగ్గ వెడల్పై, కాయలో గదులు పెరిగాయి. ఇది పెరుగుదలలో అదుపు కాస్త సడలిన స్థితి. లోపల సూక్ష్మజీవి ఏదో తినేస్తున్న స్థితి కాదు. కాబట్టి శిలీంధ్రనాశిని కొట్టండి, యాంటీబయాటిక్ కొట్టండి అని ఎవరైనా సలహా ఇస్తే పక్కన పెట్టండి. ఇతర మొక్కల్లో కొన్నింటికి ఒక బ్యాక్టీరియా వల్ల ఇలాంటి వికారం రావడం నిజమే. కానీ అందులో సాధారణంగా మొదలు దగ్గర పొట్టి పిలకలు కుప్పగా పుడతాయి. మూడు మీటర్లు ఏపుగా పాకిన తీగ మధ్యలో చదునవడం ఆ లక్షణం కాదు.

ఎందుకు వచ్చిందని అడిగితే, కొన్ని వంశాల విత్తనాల్లో ఈ ధోరణి ఎక్కువ. కెనడాలోని నోవా స్కోషియాలో హోవర్డ్ డిల్ అనే రైతు అభివృద్ధి చేసిన ఈ రకాన్ని ఆ తర్వాత ఎందరో పెంపకందారులు కాయ బరువొక్కటే లక్ష్యంగా పదేపదే సంకరం చేస్తూ వచ్చారు. దూకుడుగా పెరిగే మొక్కలనే ఏరుకుంటూ పోతే, ఆ దూకుడుతో పాటు ఇలాంటి అవలక్షణాలూ వెంట వస్తాయి. దానికి తోడు లేత కొసకు చలి తగలడం, గాలికి నేలను రాసుకోవడం, పురుగు కొరకడం, నీటి ఎద్దడి తర్వాత ఒక్కసారిగా నీరూ నత్రజనీ అందడం వంటివి కలిస్తే పట్టీ తీగ కనిపించే అవకాశం పెరుగుతుంది. ఒక్క మొక్కను చూసి కారణం ఫలానా అని తేల్చేసేవారి మాట నేనైతే నమ్మను. ఒకే కాయలోని విత్తనాలు రెండు పక్కపక్కనే వేస్తే ఒకటి పట్టీ తీగ వేసి, రెండోది నిక్షేపంగా పెరగడం చూశాను.

అయితే మీకు వచ్చింది పట్టీ తీగేనా అన్నది ముందు నిర్ధారించుకోవాలి. మీ వర్ణన బట్టి అదేనని నాకు అనిపిస్తోంది. కానీ "తీగ వింతగా పెరుగుతోంది" అంటూ నన్ను అడిగినవారిలో చాలామందిది అసలు ఇది కాదు. అందుకే ఈ భాగం కొంచెం విడమరచి రాస్తున్నాను.

పట్టీ తీగలో ఆకులు లెక్కకు మించి వస్తాయి తప్ప ఒక్కో ఆకును విడిగా చూస్తే ఆరోగ్యంగా, ముదురాకుపచ్చగా ఉంటుంది. మహా అయితే రెండు ఆకుల కాడలు కలిసిపోయి ఒకటిగా కనిపిస్తాయి. ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన గుర్తు. ఆకు మీద లేత, ముదురు ఆకుపచ్చ మచ్చలు కలగలిసి ఉంటే, బొబ్బలు లేచినట్టు ఎగుడుదిగుడుగా ఉంటే, అంచులు కోసుకుపోయి సన్నబడితే అది వైరస్. గుమ్మడి జాతిని పట్టే మొజాయిక్ వైరస్‌లు కొన్ని ఉన్నాయి. వాటిని ఎక్కువగా పేనుబంక మోసుకొస్తుంది. ఒక మొక్కను ముట్టి మరో మొక్క మీద వాలగానే, మందు చంపేలోపే అంటిస్తుంది కాబట్టి పురుగుమందు కొట్టినా వైరస్ ఆగదు. అలాంటి మొక్కను మాత్రం మొహమాటం లేకుండా పీకేయాలి. ఆ కత్తితోనే పక్క మొక్కను ముట్టుకోకూడదు.

ఆకులు చిట్టిచిట్టిగా కుచ్చులా పుట్టి, పువ్వులు ఆకుపచ్చగా ఆకుల్లా మారిపోతుంటే అది ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే వెర్రితెగులు. దాన్ని దీపపు పురుగులు వ్యాపింపజేస్తాయి. అదీ పీకేయవలసిందే. కొసలోని చిగురు గట్టిపడి, రాగి రంగు తిరిగి, పట్టుకుంటే పెళుసుగా విరుగుతుంటే నల్లి అయి ఉండవచ్చు. మామూలు కంటికి ఆనదు, భూతద్దం కావాలి. కొస నల్లబడి చచ్చిపోయి, ఆకు కాడల మీద అడ్డంగా బెరడులాంటి పగుళ్లు కనిపిస్తే బోరాన్ లోపం గురించి ఆలోచించాలి. బోరాన్ తక్కువైనా చేటే, కాస్త ఎక్కువైనా చేటే. రెంటి మధ్య ఎడం చాలా తక్కువ. భూసార పరీక్ష లేకుండా వేయకండి.

అందరూ ఎక్కువగా పొరపడేది కలుపు మందు విషయంలో. 2,4-డి వంటి మందులు మొక్క హార్మోనును అనుకరిస్తాయి. గాలికి కొట్టుకొచ్చిన కొద్దిపాటి తుంపర చాలు, ఆకు కాడలు మెలికలు తిరుగుతాయి, ఆకు సన్నబడి ఈనెలు ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా ఇరుక్కుంటాయి, తీగ అక్కడక్కడా ఉబ్బి పగులుతుంది. పైపైన చూస్తే ఇదీ చదునుగా, వికారంగానే ఉంటుంది. తేడా ఎక్కడంటే పట్టీ తీగ మెలిక తిరగదు, తిన్నగానే పోతుంది. ఆకు ఆకారం చెడదు. పైగా సాధారణంగా ఒక్క కొసకే పరిమితమవుతుంది. కలుపు మందు తగిలితే ఆ సమయంలో లేతగా ఉన్న కొసలన్నీ ఒకేసారి దెబ్బతింటాయి.

ఇందులోనే ఇంకో రకం ఉంది, అది మరీ మోసకారి. పచ్చిక బయళ్లలో వాడే క్లోపైరాలిడ్, అమినోపైరాలిడ్ అనే కలుపు మందులు గడ్డి తిన్న పశువు కడుపులో నశించవు. ఎరువు కుప్పలోనూ అంత తొందరగా నశించవు. నాకు తెలిసిన ఒక పెంపకందారు తోటలో మొక్కలన్నిటికీ కొసలు ముడుచుకుపోయాయి. ఆయన విత్తనం చెడ్డదనుకుని విత్తనం ఇచ్చిన స్నేహితుడితో తగవు పెట్టుకున్నారు. చివరికి చూస్తే ఆ ఏడు తెచ్చిన పశువుల ఎరువులో ఉంది లోపం. అనుమానముంటే పరీక్ష చాలా తేలిక. కొన్ని కుండీల్లో ఆ ఎరువు కలిపిన మట్టి, కొన్నింటిలో కలపని మట్టి పోసి అన్నింటిలో చిక్కుడు గింజలు వేయండి. మూడు వారాలకు ఎరువు వేసిన కుండీల్లో మాత్రమే ఆకులు దొప్పలుగా ముడుచుకుంటే మీకు జవాబు దొరికినట్టే. చిక్కుడు జాతి మొక్కలు ఈ మందులకు చాలా సున్నితం.

మీ తోటలో ఒకే మొక్క, అందులోనూ ఒకే కొస, ఆకులు నిగనిగలాడుతున్నాయి అన్నారు. కాబట్టి పట్టీ తీగ అనే అనుకుని ముందుకు వెళ్తాను.

ఆ గుత్తిలో కాయను ఎందుకు నిలపకూడదు? ఈ రకంలో కాయ అంటే ఏమిటో గుర్తుంచుకోండి. 2025లో బ్రిటన్‌కు చెందిన కవల సోదరులు ప్రపంచ రికార్డు నెలకొల్పిన కాయ 1,278 కిలోల పైనే తూగింది. మనం అంత దూరం పోకపోయినా, బాగా సాకిన కాయ జోరు మీదున్న దశలో రోజుకు 15 నుంచి 20 కిలోలు పెరగగలదు. ఆ నీరు, ఆ చక్కెరలు అన్నీ ఒక్క తొడిమ గుండా, ఆ తొడిమ తగిలి ఉన్న ఒక్క కణుపు గుండా పోవాలి. గుండ్రటి తీగలో నాళాలు క్రమంగా వలయంగా అమరి ఉంటాయి. పట్టీ తీగలో ఆ క్రమం చెదిరిపోతుంది. తీగను అడ్డంగా కోసి చూస్తే తెలుస్తుంది: మధ్య బోలు ఒకటిగా ఉండదు, సన్నని చీలికలా అడ్డంగా సాగి ఉంటుంది, అక్కడక్కడా లోపలే రెండుగా విడిపోయి ఉంటుంది.

అలాంటి కణుపు నుంచి వచ్చే ఆడపువ్వు తొడిమ కూడా చాలాసార్లు చదునుగానే ఉంటుంది. పువ్వు లోపల పుప్పొడిని అందుకునే కీలాగ్రం మామూలుగా నాలుగైదు భాగాలుగా ఉండాలి. ఇక్కడ ఏడు, ఎనిమిది, ఒక్కోసారి లెక్క పెట్టడానికి వీలులేనంతగా పెనవేసుకుని ఉంటుంది. చూడటానికి ఊరిస్తుంది. ఇంత పెద్ద పువ్వుకు ఎంత పెద్ద కాయ వస్తుందో అనిపిస్తుంది. నిజానికి పిందె పట్టిన తర్వాత ఆ భాగాలన్నీ సమానంగా పెరగవు. కాయ మీద గాడులు లోతుగా పడతాయి, పువ్వు రాలిన చోట మచ్చ వెడల్పై బలహీనంగా ఉంటుంది, రెండు కాయలు అతుక్కుపోయినట్టు కూడా రావచ్చు. అన్నిటికన్నా పెద్ద బెడద తొడిమ. కాయ భుజాలు లావెక్కి తీగను పైకి నెడుతుంటే గుండ్రటి తొడిమ కొంత సాగి సర్దుకుంటుంది. చదును తొడిమ ఒక అంచు నుంచి చీలడం మొదలవుతుంది. పోటీకి తీసుకెళ్లే ఉద్దేశం ఉంటే, లోపలి గుల్ల దాకా చీలిక పోయిన కాయను అనర్హంగా ప్రకటిస్తారని మీకు తెలిసే ఉంటుంది.

పట్టీ తీగ మీద కాయ నిలిపి మంచి బరువు సాధించినవారు లేరని నేను అనను. ఉన్నారు. అలాంటి ఒక కాయ తొడిమను నేనూ చూశాను. అరచేయి వెడల్పుంది, మధ్యలో నిలువునా గాడి, ఆ గాడిలో నీరు దిగకుండా రోజూ తుడిచి పొడి చల్లేవారు. కాయ నిలబడింది. కానీ అదే సాకిరీ గుండ్రటి తీగ మీది కాయకు చేసి ఉంటే ఇంకా బాగుండేదని ఆ తోట యజమానే అనేవారు. మీ మొక్కకు పక్క తీగలు బలంగా ఉన్నప్పుడు ఈ జూదం ఆడవలసిన పని లేదు.

ఇప్పుడు పని సంగతి.

ముందు చదును మొదలైన చోట ఒక పుల్ల గుచ్చి గుర్తు పెట్టండి. దాని వెనక గుండ్రటి భాగంలో ఆడమొగ్గ ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే అది మీకు వరం. మొదలుకు కాస్త దగ్గరైనా సరే, రెండున్నర మీటర్ల దూరంలో ఉన్నా సరే, దాన్ని వదులుకోకండి. ముందు రోజు సాయంత్రం ఆ ఆడమొగ్గకూ, మర్నాడు విచ్చుకోబోయే మగమొగ్గలకూ పలుచటి గుడ్డ సంచి కట్టండి. తెల్లవారి పువ్వు విచ్చుకోగానే మగపువ్వు రేకులు తుంచేసి పుప్పొడిని కీలాగ్రం అన్ని భాగాలకూ తగిలేలా అద్దండి. ఎండ ముదిరేలోపే అయిపోవాలి. వేడి 32 డిగ్రీలు దాటే రోజుల్లో పిందె నిలబడటం కష్టం కాబట్టి ఆ పువ్వుకు ముందు రోజు నుంచే నీడ కట్టండి. ఆ పిందె నిలబడితే పట్టీ భాగం కాయకు అవతల ఉంటుంది, దాని వల్ల మీకు పెద్దగా నష్టం లేదు. కొన్ని ఆకులు పెరిగాక వీలు చూసుకుని కొస కోసేయవచ్చు.

గుండ్రటి భాగంలో మొగ్గ లేకపోతే రెండో దారి. పుల్ల గుచ్చిన చోటికి వెనకనున్న పక్క తీగల్లో ఒకదాన్ని ఎంచుకోండి. పొడవును బట్టి కాదు, లావును బట్టి ఎంచుకోండి. కొస నేల మీద నుంచి పైకి లేచి చురుగ్గా ఉండాలి, కణుపుల మధ్య ఎడం సమంగా ఉండాలి, వేళ్లతో తడిమితే పూర్తిగా గుండ్రంగా ఉండాలి. ఒక వైపు కాస్త నొక్కినట్టు అనిపించినా దాన్ని వదిలేసి ఇంకోటి చూడండి. ఒక మొక్కలో పట్టీ తీగ వచ్చిందంటే పక్క తీగల్లోనూ రావచ్చు. అందుకే ఎదుటి వైపు నుంచి ఇంకొకదాన్ని కూడా మారుగా అట్టిపెట్టుకోమంటాను.

ఆ తీగను ప్రధాన తీగ దిశకు మళ్లించడం ఓపికతో చేయవలసిన పని. ఉదయం పూట ముట్టుకోకండి. రాత్రంతా నీరు పట్టి బిరుసుగా ఉంటుంది, కొద్దిగా వంచితే టప్పున విరుగుతుంది. మధ్యాహ్నం ఎండకు ఆకులు కాస్త వాడినప్పుడు తీగ మెత్తబడి మాట వింటుంది. అప్పుడు రెండు పుల్లలను ఏటవాలుగా, ఒకదానికొకటి అడ్డంగా గుచ్చి, తీగ వాటి మధ్య నుంచి పోయేలా చేసి, రోజుకు ఒక నాలుగు వేళ్ల మేర జరపండి. తీగ కిందికి దిగిన వేర్లు, గడ్డినీ పుల్లలనూ చుట్టుకున్న నులితీగలు ఉంటే ముందు వాటిని కత్తిరించాలి. లాగితే తీగ పొర ఊడి వస్తుంది.

ఈలోగా అసలు కొసను గమనిస్తుండండి. మూడింటిలో ఏదో ఒకటి జరుగుతుంది. ఒకటి, కొన్ని కణుపుల తర్వాత దానంతట అదే గుండ్రంగా మారడం. ఇది మీరనుకునేకంటే తరచుగా జరుగుతుంది, నా తోటలో ఎక్కువగా చూసింది ఇదే. అప్పుడు ఆ గుండ్రటి భాగంలో మూడు నాలుగు కణుపులు సవ్యంగా వచ్చాక వచ్చే ఆడపువ్వును నిలపవచ్చు. ఆ కాయకు నీరు పట్టీ భాగం దాటుకునే రావాలి కాబట్టి, కాయకు అటూ ఇటూ ఉన్న కణుపుల కింద మట్టి ఎగదోసి వేర్లు దిగనివ్వండి. రెండు, పట్టీ మధ్యకు చీలి రెండు గుండ్రటి తీగలుగా విడిపోవడం. రెండూ పెరుగుతుంటే ఆశ పుడుతుంది కానీ ఒకటే ఉంచండి. కొస ఇంకా చిటికెన వేలంత ఉన్నప్పుడే రెండోదాన్ని గిల్లేస్తే గాయం ఇట్టే మానుతుంది. మూడు, వెడల్పు ఇంకా పెరుగుతూ పోవడం, కొస ముద్దకట్టి ముందుకు సాగకపోవడం. పది రోజులైనా ఇదే తీరు అయితే కోసేయండి.

కోత ఎలా కోయాలి? చదును మొదలైన చోట కాదు, దానికి వెనక, గుండ్రంగా ఉన్న చివరి మంచి కణుపును వదిలి, దాని తర్వాత ఓ నాలుగు వేళ్ల మోడు ఉండేలా కోయండి. గుమ్మడి తీగ లోపల బోలు. కోసిన నోరు ఆకాశం వైపు ఉంటే నీరు నిలిచి కణుపు దాకా కుళ్లుతుంది. అందుకని మోడు కొద్దిగా కిందికి వాలేలా కోయండి. రెండు రోజులు వాన పడని వాతావరణం చూసుకుని పొద్దున్నే కోస్తే సాయంత్రానికి నోరు ఆరుతుంది. కత్తిని 70 శాతం ఆల్కహాలుతో తుడవండి. కోసిన చోట మొదటి రోజు నీరు కారడం సహజం, కంగారు పడి ఏవేవో పూయకండి. మైనం పూసి మూసేస్తే లోపలి తడి లోపలే ఉండిపోతుంది.

కోయకుండా ఉంచిన పట్టీ భాగానికి కాస్త శుభ్రత కావాలి. ఒకే చోట ఆకు కాడలు కిక్కిరిసి ఉంటాయి, వాటి మొదట్లో మట్టి, రాలిన పూరేకులు, మంచు తడి చేరతాయి. జిగురు కారే కాండం తెగులు అక్కడే మొదలవుతుంది. రాలిన పువ్వులను వేళ్లతో తీసేయండి. గుత్తులుగా వచ్చిన ఆడమొగ్గలన్నీ గిల్లేయండి. నులితీగలు కత్తిరించండి. ఆకులను మాత్రం తొందరపడి తీయకండి, నీడలో పడి పసుపెక్కినవి చాలు. మొక్కకు అవే ఆహారం, పట్టీ తీగ మీద పుట్టిన ఆకు కూడా మంచి ఆకే. ఆ భాగాన్ని మట్టితో కప్పవద్దు. చదును తీగ కింద గాలి ఆడదు.

ఎరువుల గురించి ఒక్క మాట. కొస చదునైందని చూడగానే కొందరు బలం చాలలేదనుకుని ఇంకా పోస్తారు. చేయవలసింది దానికి పూర్తిగా ఎదురు. పిందె నిలిచే దాకా నత్రజని ఎక్కువగా ఉన్నవన్నీ, ముఖ్యంగా ఆకుల మీద చల్లేవి, ఆపేయండి. నీరు కూడా ఒక రోజు ముంచెత్తి నాలుగు రోజులు ఎండగట్టకుండా సమంగా ఇవ్వండి. తీగ దూకుడు తగ్గితే ఆడపువ్వూ నిలుస్తుంది, కొసా కుదురుకుంటుంది.

కాలం లెక్క కూడా చూసుకోండి. పరాగసంపర్కం జరిగినప్పటి నుంచి కాయ పూర్తి బరువుకు రావడానికి సుమారు 70 నుంచి 90 రోజులు పడుతుంది. పక్క తీగను ప్రధాన తీగగా మార్చుకుంటే కాయ పట్టడం ఓ వారం పది రోజులు వెనకబడుతుంది. మీ వాతావరణంలో ఆ గడువు మిగిలి ఉంటే నిశ్చింతగా మార్చుకోండి. లేదంటే మీ రెండో మొక్క మీదే ప్రధానంగా దృష్టి పెట్టి, దీన్ని ఆ మొక్కకు పుప్పొడి ఇచ్చే మొక్కగా ఉంచుకోవచ్చు. పట్టీ తీగ మగపువ్వుల్లో పుప్పొడి బాగానే ఉంటుంది. అయితే ఆ కాయ గింజలను నాటే ఉద్దేశం ఉంటే మాత్రం దీని పుప్పొడి వాడకండి. ఎందుకో కింద చెబుతాను.

ఇదంతా మొలక దశలోనే జరిగి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. రెండు బీజదళాలకు బదులు మూడు రావడం, మొదటి అసలు ఆకులు జంటగా అతుక్కుని రావడం, నాలుగైదు ఆకులకే కాండం వెడల్పవడం కనిపిస్తే ఆ మొక్కను మొహమాటం లేకుండా తీసేసి పక్కన వేసిన మారు మొక్కను ఉంచుకుంటాను. అప్పటికి పోయేదేమీ ఉండదు. మీది అలా కాదు. మూడు మీటర్ల తీగ, పదుల కొద్దీ ఆకులు, పెద్ద వేరు వ్యవస్థ చేతిలో ఉన్నాయి. కొస ఒక్కటి తప్పుదారి పట్టినందుకు వేర్లను శిక్షించడం అనవసరం.

ఇక విత్తనం. పట్టీ తీగ లక్షణం తప్పకుండా సంతానానికి వస్తుందని చెప్పలేం. కానీ కొన్ని వంశాల్లో పదేపదే కనిపించడం మాత్రం వాస్తవం. ఈ మొక్కను దాని పుప్పొడితోనే సంపర్కం చేస్తే ఆ ధోరణిని చిక్కబరిచినట్టవుతుంది. కాయ నిజంగా బాగా వచ్చి విత్తనం దాచాలనిపిస్తే, చదును తెలియని వేరే మొక్క పుప్పొడి వాడండి. పొట్లం మీద తల్లి పేరు, తండ్రి పేరుతో పాటు ప్రధాన తీగ మూడు మీటర్ల దగ్గర చదునైందని కూడా రాయండి. ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఆ మాట దాచకండి. నా దగ్గర అలాంటి పొట్లాలు ఉన్నాయి, వాటిని వేసిన ఏడాది పక్కన తప్పకుండా మారు మొక్క ఒకటి పెంచుతాను.

వీలైతే కొస ఫోటో ఒకటి పెట్టండి. పై నుంచి తీస్తే ఆకులే కనిపిస్తాయి. ఆకులు పక్కకు తొలగించి, నేలకు దగ్గరగా పక్క నుంచి తీయండి. పుల్ల గుచ్చిన చోటికి వెనక ఎన్ని పక్క తీగలున్నాయో, ఏ వైపు ఉన్నాయో కూడా రాస్తే వాటిలో ఏది ఎంచుకోవాలో చెబుతాను.